ఆరిందా, వదినా?

చేతితో గిటార్లు తయారుచేసే ఆ షెడ్డులో చెక్కకు రంగు పట్టించి పాలిష్ పెట్టే ఆమె అందరికీ వదినే. నిజంగా మరిదయ్యేది మాత్రం ఆ గిటార్లు అమ్మేవాడొక్కడే. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి దిగనివ్వనిది ఈ మరిదే.

ఆమె ఆఖరి పూత వేసి బ్రష్ కింద పెట్టిందో లేదో, అతను వచ్చి "ఆరిందా, వదినా?" అంటూనే నొక్కి చూశాడు. అద్దంలాంటి చెక్క మీద బొటనవేలి ముద్ర పడింది.

"నోరుంది కదా, అడిగి ఊరుకోలేవూ? ప్రతిదాంట్లో వేలు పెట్టడమేనా?"

పళ్లు కొరుకుతూ ఆమె ఆ పూతంతా గరుకు కాగితంతో రుద్దేసి, మళ్లీ వేసింది. మర్నాడు అతను చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలోనే ఆగాడు.

"ఆరిందా, వదినా?"

"గిటారు ఆరింది. నా ఒళ్లుమంటే ఇంకా ఆరలేదు. వేలు పెట్టి చూస్తావా?"