ఎంగిలి జిలేబీ

2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న వైటూకే భయం తెచ్చిన ఉద్యోగాల కోసం అందరూ కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజుల్లో, సిడ్నీ దగ్గర పారమట్టాలో మా కంప్యూటర్ క్లాసుకి అమెరికాలో పెరిగిన ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు వచ్చేవాడు. మాత్ర వేసుకునే ముందు గ్లాసు పైకెత్తి, "చీర్స్, డార్లింగ్స్!" అనడం అతని అలవాటు.

ఒకరోజు ఆ పక్క పేటే అయిన హారిస్ పార్క్‌లో, మనవాళ్ళ మిఠాయి కొట్లో గొంతు తగ్గించాడు. "నాకు పుట్టుకతోనే హెచ్ఐవీ. నాకు నచ్చేది అబ్బాయిలు. ఇప్పుడూ ఫ్రెండ్‌వేనా?" అంటూ తను కొరికిన జిలేబీ నాకు అందించాడు.

నేను చటుక్కున వెనక్కి జరిగాను. అతని ముఖం వాడిపోయింది.

"అయ్యో, అందుక్కాదు! అది ఎంగిలి. మా ఇంట్లో ఒకరు కొరికింది ఇంకొకరం తినం. అమ్మ కొరికినా సరే!"

"అంటే అందరితోనూ ఇంతేనా? హమ్మయ్య!" అని నవ్వేశాడు.

ఆ నవ్వు చూసి, కళ్ళు మూసుకుని ఒక ముక్క కొరికాను. మిగిలింది తిరిగి ఇచ్చాను.

"ఛీ, ఎంగిలి!" అని మొత్తం నోట్లో వేసుకున్నాడు.