ఒకే డబ్బాలో రెండు సీసాలు

మొన్ననే వైండింగ్ చేయించిన మా బోరు మోటారు మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నా ఒట్లు నమ్మని కొడకండ్ల ఊరివాళ్లు కూడా ఈసారికి నమ్మాలి.

మా అక్కకూ ఆమె తోడికోడలికీ బీపీ. ఆ తోడికోడలిని నేను చిన్నక్క అంటాను. పక్షవాతాన్ని ఆపుతుందేమోనని ఒక కొత్త గోలీని నాలుగైదు దేశాల డాక్టర్లు కలిసి పరీక్షిస్తూ మా ఊరినీ తీసుకున్నారు. రోజూ వేసుకునే బీపీ గోలీకి తోడు ఇదొకటి. సగంమందికి అసలుది, సగంమందికి మందు లేని ఉత్తది. ఎవరిది ఏదో ఇచ్చేవాళ్లకూ తెలియదు. జనగామ నుంచి వచ్చే నర్సమ్మ ఇదంతా విడమరిచి చెప్పి, పేరు రాసిన సీసాలు చేతికిచ్చింది.

వాళ్లిద్దరి పక్కపక్క ఇళ్లలో ఏ కూర వండినా గిన్నె నడిమి గోడ దాటాల్సిందే. నర్సమ్మ బండి ఊరు దాటిందో లేదో, అక్క రెండు సీసాలూ ఒకే స్టీలు డబ్బాలో గుమ్మరించింది.

"గట్ల కలుపొద్దన్నది గదనే అక్కా!"

"నువ్వు జర నోరు మూస్కోరా. నాకు అసలుది, దీనికి ఉత్తది వస్తే, నేనొక్కదాన్నే బతికి ఎవలతోని కొట్లాడాలె?"

చిన్నక్క పడీపడీ నవ్వింది.

వానలు పడ్డాక, నారు పీకుతూ అక్క మడిలోనే ఒరిగిపోయింది. దవాఖాన చేరేలోపే అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు.

చిన్నక్క అన్నం మానేసింది. "అక్కదే అసలు సీసా అయితే? దాని పానం సగం నేను మింగిననా తమ్మీ?"

డబ్బా సంగతి నర్సమ్మకు చెప్పాను. తిట్టలేదు. "ఎవలి గోలీ మింగినా ఆమె లెక్క ఆమె పేరున్న సీసా కిందనే ఉంటదన్నా, పరీక్షలకెంచి తీసెయ్యరు" అంది. అది ఏ సీసానో మాత్రం తనకూ తెలియదంది.

విదేశీ డాక్టర్లు మహబూబాబాద్ వచ్చారని విని బండి మీద పోయాను. తాటిచెట్టంత దొర. మెల్లగా నా చెవిదాకా వంగి, "మీ అక్కది ఉత్త సీసా, చిన్నక్కదే అసలుది" అని తెలుగులోనే గుసగుసలాడాడు. వచ్చి చెప్పాను.

"నిజంగనా? నా గోలీలే అక్క తిన్నదా?"

"మరి! నీ సొమ్ము తిని పోయింది."

చిన్నక్క బావురుమంది. తర్వాత ఇంత అన్నం తిన్నది.

దొర పొడుగు నిజం. నేను పోవడం నిజం. గుసగుస నా కల్పన. "అన్ని దేశాల లెక్కలూ తేలేదాకా మాకూ తెలియదు, తెలుసుకోకూడదు కూడా" అని పక్కనున్న హైదరాబాద్ డాక్టరుతో చెప్పించి, ఆ దొర నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. లెక్కలు ఇంకా తేలలేదు. చిన్నక్కకు చదువు రాదు. మీరెవరూ ఇది ఆమెకు చదివి వినిపించకండి.