మల్లేశం పెట్టె

ఖతర్‌లో చమురు డబ్బు పొంగిపొర్లుతున్న రోజులవి. నేనూ, మా ఊరి రాజన్నా నడిసముద్రంలోని ఒక చమురు దీవిలో కూలిపని చేసేవాళ్ళం. మాతోపాటు వచ్చిన మల్లేశం అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. మాకు సెలవు దొరకగానే, అతని బట్టలూ భార్యకని కొన్న చీరలూ సర్దిన పెట్టెను కూడా తీసుకుని దోహా వెళ్ళే పడవ ఎక్కాం.

సగం దూరం వచ్చాక గాలి లేచింది. నీళ్ళు పడవలోకి కొడుతుంటే బరువు తగ్గించమన్నాడు పడవ నడిపే సరంగు. అదే పడవలో వస్తున్న మా కంపెనీ మేనేజరు కూలీల సామాన్లు చూపించి "యల్లా, ఫేంకో!" అంటూ, తొందరగా పారేయమని అరిచాడు. ఆయన వేట డేగ, దాని మాంసం పెట్టె మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

రాజన్న తన పెట్టెను తనే విసిరేశాడు. మల్లేశం పెట్టెను మాత్రం కావలించుకుని, వచ్చిన హిందీ కూడా మరిచిపోయి, "సచ్చిపోయినోని సామాను సార్, ఇది వద్దు" అని మొత్తుకున్నాడు. నేను ఆ మాట హిందీలో చెప్పాను.

"చచ్చినవాడికి సామానెందుకు?" అని నవ్వి, మేనేజరు దాన్ని కూడా లాగి పడేయించాడు.

ఊళ్ళో మల్లేశం భార్య మేం చెప్పిందంతా విన్నది. మా ఊరివాళ్ళకి గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. "దుబాయ్ సామానంత సముద్రంల పడ్డదా? మరి నీ చేతి గడియారం పడలేదేందన్నా?" అని అడిగింది.

రాజన్న తన గడియారం విప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తుందో లేదో చూసుకుని, తలుపు వేసుకుంది.

మేనేజరును అందరం కలిసి తిట్టుకున్నాం, తీరిపోయింది. ఆమెను తిట్టడానికి మాత్రం ఇన్నేళ్ళయినా నాకు నోరు రాలేదు.