గదికి వచ్చిన కప్ప

మా కాలేజీలో జంతుశాస్త్రం మ్యూజియం అంటే ఒక పొడవాటి గది, గోడల నిండా గాజు సీసాలు, వాటి మధ్య కప్పలత్త. అసలు పేరు మాలో ఎవరికీ గుర్తులేదు. లోపలి జీవులు పాడవకుండా సీసాల్లో స్పిరిట్ తగ్గితే పోయడం, దుమ్ము తుడవడం ఆమె ఉద్యోగం. మిగతా పెత్తనమంతా ఆమె తనంతట తాను నెత్తికెత్తుకున్నదే. ఆ గదంటే ఆమెకు ప్రాణం.

ఉభయచరాలను అరలవారీగా సర్దింది. తోకలేని కప్పలు పైన, తోకున్న సాలమాండర్లు మధ్యన, అసలు కాళ్ళే లేని సిసీలియన్లు కింద. కింది అర చూసి పిల్లలు వానపాములనుకుని మూతి ముడిచేవారు. ఆ తడి ఒళ్ళు చూడండర్రా, కప్ప ఒళ్ళే, మనవాళ్ళే అని వెనకేసుకొచ్చేది. ఈ ముద్దు కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. పక్క ల్యాబులో పనిచేసేదాన్ని, రోజూ వినేదాన్ని కనక ఆ మాట అనే హక్కు నాకుంది.

ఆమెకున్న దిగులల్లా చెట్టుకప్ప. సీసా పగిలి పాతది పాడైపోయింది. కొత్తది తెప్పించమని కనబడిన ప్రతివాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మా శాఖలో పిల్లలు చేరడమే మానేస్తే ఇక కప్పను ఎవరు తెప్పిస్తారు? ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒకరోజు హెడ్ గుమాస్తా గుమ్మంలోంచే చెప్పి వెళ్ళాడు.

"అత్తా, రేపు నీ గదికి కప్పొస్తోంది."

ఇక ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు. పై అరలో చోటు చేసింది. ఒక సీసాను తళతళలాడేలా కడిగి పెట్టుకుంది. ఇంటికెళ్ళి, మిషను కుట్టే భర్తకు కూడా చెప్పిందట.

మర్నాడు గుమాస్తా తెచ్చింది తాళంకప్ప. ఆయన దాన్ని ఎప్పుడూ ఉత్తి కప్ప అనే అంటాడు. శాఖ ఎత్తేశారు, గది మూసేస్తున్నారు, అత్తను లైబ్రరీకి మార్చారు. జీతం ఎక్కడికీ పోదు, కూర్చుని చేసే పని, అదృష్టవంతురాలివని ఆయన సముదాయించాడు. ఆమె తలుపు తనే వేసి, తాళం తనే నొక్కి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. నాకు మాత్రం ఆయన్ని చెడామడా తిట్టాలనిపించింది. తిట్టలేదు.

మాదొకటే దారి కనక సాయంత్రం ఆమెతోపాటు వాళ్ళింటిదాకా నడిచాను. ఆమె భర్త మిషను మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"వచ్చిందా మీ కప్ప?"

"వచ్చింది. ఇనుపది."

ఆయనకు సంగతి అర్థమై పకపకా నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

"నవ్వకండి," అంది అత్త. "స్పిరిట్ పోసేవాళ్ళు లేకపోతే అవన్నీ ఎండిపోతాయి."