మా వసారాలో సాయంత్రం బడి

ఈమధ్య ఒకరోజు ప్రొద్దుటూరు బస్టాండు బయట చీనీకాయల, అదే బత్తాయిల, రసం తీసే బండి దగ్గర నిలబడ్డాను. బండివాడు కాయలు ఒలిచి తొక్కలు గంపలో వేస్తుంటే, ఎండకు వేడెక్కిన ఆ పచ్చి తొక్కల ఘాటు, కాస్త చేదుగా కాస్త తీయగా, గాలిలో కలిసి ముక్కుకు తగిలింది. అతను గ్లాసు చేతికిచ్చేసరికే నా మనసు అక్కడ లేదు. బంగారు అంగళ్ల వీధి వెనక, ఎదురుగా సైకిలు వస్తే గోడకు అతుక్కుని నిలబడాల్సినంత ఇరుకు సందులో, మేము అద్దెకున్న ఇంటి వసారాలోకి వెళ్లిపోయింది.

ఆ ఇంటికి గదులు రెండే గానీ ముందు మాత్రం పొడవాటి వసారా ఉండేది. నేలంతా నల్లటి కడప బండలు. ఎండాకాలం మధ్యాహ్నం కాలు పెడితే చుర్రుమనే ఆ బండల మీద, పొద్దు వాలగానే అమ్మ రెండు బిందెల నీళ్లు చల్లేది. సన్నగా ఆవిరి లేచి తడిసిన రాతివాసన ఇల్లంతా కమ్ముకునేది. సందులో అటూ ఇటూ బంగారు పనివాళ్ల ఇళ్లు కావడంతో పొద్దస్తమానం చిన్న సుత్తుల టకటకలు, కుంపట్లు ఊదే చప్పుడు, ఎదురింట్లో జాకెట్లు కుట్టే మాబున్నీ అత్త మిషను రొద, ఇవన్నీ కలిసి ఒకటే పాటలా వినిపించేవి. దసరాకు ఊరు ఊరంతా దీపాల్లో మునిగినప్పుడు సందు ఆడపిల్లలమంతా పట్టులంగాల అంచులు దుమ్ములో ఈడ్చుకుంటూ వీధులన్నీ తిరిగేవాళ్లం. రంజాను నాడు మాబున్నీ అత్త పంపే సేమ్యా పాయసం గిన్నె కోసం పొద్దున్నుంచే గడప మీద కూర్చునేవాళ్లం. ఉగాదికి అమ్మ పెనం మీద ఓళిగలు కాలుస్తుంటే, మొదటిది దేవుడికని తెలిసి కూడా పక్కనుంచి కదిలేవాళ్లం కాదు. వాన పడిన రోజు వేయించిన శనక్కాయలు, బెల్లం ముక్క, వసారాలో గుండ్రంగా కూర్చుని అచ్చనగాయలు. పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

నాయన ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేసేవాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా ఆ దుకాణం భాగస్తులు విడిపోయి తలుపులు మూశారు. కొన్నాళ్లు పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని పని వెతకడానికి బయటికి పోయి, ఎండెక్కాక తిరిగొచ్చి, వసారాలో గోడకానుకుని కూర్చునేవాడు. అమ్మ పెళ్లికి ముందే డిగ్రీ, టీచరు ట్రైనింగు చదివింది. లెక్కలంటే ఆమెకు ప్రాణం. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, ఇంట్లోనే నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతానంది. నాయనకు అది నచ్చలేదు. మా తాత పల్లెలో అయ్యవారుగా చేసిన మనిషి, బడి అయ్యాక ఇంటికొచ్చిన పిల్లలకు దమ్మిడీ తీసుకోకుండా చెప్పినవాడు. ఆయన కోడలు చదువును అమ్ముకుంటుందని నలుగురూ అనుకుంటారని నాయన బాధ. రెండు రోజులు మళ్లీ పని వెతుక్కుంటూ తిరిగాడు. మూడో రోజు తనే ఒక పలక తెచ్చి, గుండ్రటి గుమాస్తా అక్షరాలతో ‘ఇచ్చట ట్యూషన్ చెప్పబడును’ అని రాశాడు. రాసి, దాన్ని వీధివైపు కాకుండా తలుపు లోపలి వైపు తగిలించాడు. లోపల ఉండే మేము తప్ప దాన్ని చదివేవాళ్లు లేరు. అమ్మ నవ్వుకుని, ఆయన బజారుకు పోయినప్పుడు తీసి బయట మేకుకు తగిలించింది.

అయినా ఎవరూ రాలేదు. అమ్మ రోజూ ఐదు గంటలకు ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, బండలు తుడిచి, చాప పరిచి కూర్చునేది. ఆ చాప మీద నేనొక్కదాన్నే. సందులో పోయేవాళ్లు పలక వైపు చూసేవారు, లోపల ఒంటరిగా కూర్చున్న నా వైపు చూసేవారు, పోయేవారు. అప్పుడు ఎదురింటి మాబున్నీ అత్త మిషను ఆపి మా గడప మీదికొచ్చి కూర్చుంది.

“అక్కా, పలక సదివి ఎవురూ పిల్లోల్లను తెచ్చియ్యరు. జాకెట్లకని నా దగ్గరికొచ్చే ఆడోల్లకు నేను చెప్తాలే. అవునూ, ఎంత తీసుకోవాలనుకుంటాండావు?”

అమ్మ నెలకు పది రూపాయలు చాలనుకుంటున్నానంది. మెయిన్ రోడ్డులో ట్యూషన్ చెప్పే మాస్టర్లు అప్పట్లో యాభై తీసుకునేవాళ్లు.

మాబున్నీ అత్త తల అడ్డంగా ఊపింది. “అంత తక్కువొద్దు. నేను మిషను కొన్న కొత్తల్లో అందరికంటే తక్కువకు కుడతానని చెప్పుకున్నా. గుడ్డ చెడగొడతానేమోనని ఒక్కరూ ఇయ్యలేదు. ధర జూసే గదక్కా, పని ఎట్లాంటిదో అనుకునేది.”

ఆ రాత్రి అమ్మా నాయనా చాలాసేపు ఆలోచించారు. యాభై అడిగితే మా సందులో ఇవ్వగలిగేవాళ్లు తక్కువ, పది అడిగితే నమ్మేవాళ్లు తక్కువ. చివరికి ముప్పై అనుకున్నారు. దానికి అమ్మ తన షరతు ఒకటి చేర్చింది. మొదటి వారం ఊరికే పంపండి, వారం తర్వాత పిల్లలు తమంతట తాము వస్తామంటేనే డబ్బులు. ఒక ఇంటినుంచి ఇద్దరొస్తే రెండోవాళ్లకు సగమే. బంగారు పనివాళ్లకు పెళ్లిళ్ల కాలంలోనే చేతిలో రూపాయి ఆడుతుంది కనుక వాళ్లు అప్పుడిచ్చినా సరే. నాయనకు ఈ బేరం మాటలు వినడానికి ఇబ్బందిగా ఉన్నా, చాలాకాలానికి ఆ రోజు కంచంలో మారు అన్నం పెట్టించుకున్నాడు.

మొదట వచ్చింది పక్కింటి కంసాలి కూతుళ్లు ఇద్దరు. తర్వాత పిండిమిల్లు వాళ్ల పిల్లలు, మాబున్నీ అత్త చెల్లెలి కొడుకు, జాకెట్టు కొలతలివ్వడానికొచ్చి అత్త మాటలు విన్న ఎవరెవరో తల్లుల పిల్లలు. వారం దాటాక ఎవరూ మానలేదు. దసరా నాటికి చాప చాలక గోనెసంచులు కూడా పరిచాం.

ఆ సాయంత్రాలు తలచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడే ఆగిపోతుంది. ఒక మూల ఎక్కాల గోల, ఒక మూల పద్యాల రాగం, మధ్యలో అమ్మ కంఠం, బలపాల పొడి, తలల మీది కొబ్బరినూనె, ఎవరి సంచిలోనో దాచుకున్న బొరుగుల ముద్ద వాసన. అమ్మ కొట్టేది కాదు. తప్పు చేసినవాణ్ని లేపి, సరిగ్గా చేసిన పిల్ల పక్కన కూర్చోబెట్టి, “ఈ పాప నీకు చెప్తాది, నువ్వు నాకు చెప్పు” అనేది. కరెంటు పోతే లాంతరు చుట్టూ చేరి నోటిలెక్కలు చేసేవాళ్లం. పాఠం అయిపోయాక కూడా ఇళ్లకు పోకుండా సందులో కుంటుడుబిళ్ల గీతలు గీసేవాళ్లం. తల్లులు వచ్చి రెక్కపట్టి లాక్కుపోయేదాకా ఆట సాగేది.

మరుసటి ఏడు వేసవి ముగిసే రోజుల్లో సందు చివర ఒక జీపు ఆగింది. దిగినాయన పులివెందుల తట్టు చీనీ తోటల రైతు, ఊళ్లో పదిమంది మాట వినే మనిషి. పిల్లల చదువుల కోసం ప్రొద్దుటూరులో పెద్ద ఇల్లు కొన్నాడట. అమ్మ పేరు ఎవరి నోటనో విని వచ్చాడు. నాయన కంగారుగా కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. చాప మీద కూర్చున్న మా అందరి వైపూ ఒకసారి చూసి, తను వచ్చిన పని చెప్పాడు.

“వీల్లందరూ కలిసి ఎంతిస్తాండారో దానికి రెండింతలు నేనిస్తానమ్మా. దినామూ జీపు వస్తాది. మా ఇంటికొచ్చి మా ఇద్దరు పిల్లోల్లకు మాత్రం చెప్పు. వీల్లను పంపించేయ్.”

వసారాలో ఎక్కాలు ఆగిపోయాయి. కంసాలి పిల్లలు పలకలు ఒళ్లో పెట్టుకుని అమ్మ ముఖంలోకి చూస్తున్నారు. నేను నాయన వైపు చూశాను. ఇంటి బాడుగ రెండు నెలలది ఇవ్వాల్సి ఉందని నాకూ తెలుసు.

అమ్మ లేచి నిలబడింది. “పిల్లల్ని ఈడికే పంపండప్పా. అందరికీ ఎంతో మీకూ అంతే. ఒంటరిగా కూచోబెడితే నన్ను చూసి భయపడతారు గానీ చదువు రాదు.”

ఆయన ముఖం మాడిపోయింది. తన పిల్లలు గోనెసంచుల మీద కూర్చోరని చెప్పి, వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నాయన కోప్పడలేదు. అంత పెద్దమనిషిని కాదంటే ఊళ్లో ఏం మాట వస్తుందో, ఉన్న పిల్లలు కూడా ఎక్కడ జారిపోతారో అని మాత్రం అన్నాడు. ఆ మాటే నిజమవుతుందన్నట్టు తర్వాతి వారం పిండిమిల్లు వాళ్లు తమ పిల్లల్ని మాన్పించారు. ఆ మిల్లుకు ఆయన బంధువుల పొలాల నుంచే గింజలు వచ్చేవట. అమ్మ పైకి మామూలుగానే ఉండేది గానీ, బండలు తుడుస్తూ తుడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోవడం, చేతిలోని గుడ్డ నుంచి నీళ్లు కారిపోతున్నా గమనించకపోవడం నేను చూశాను.

వానలు మొదలైన ఒక సాయంత్రం ఒకామె మా గడప ముందు నిలబడింది. నడుముకు దోపిన నేతచీర, చేతుల నిండా మట్టిగాజులు, నెత్తిన గోనెమూట, చెరో పక్క ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. ఆ రైతు భార్య, ఓబులమ్మ. జీపులో కాక ఆటోలో వచ్చింది. మూట దించి విప్పితే చీనీకాయలు బండల మీద దొర్లాయి, పిల్లలంతా లేచి వాటి వెంట పరుగెత్తారు.

“మా ఇంటాయప్ప అలిగినాడులేమ్మా. ఆయప్పకు తోటలు తెలుసు గానీ పిల్లోల్లు తెల్దు,” అంది ఓబులమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ. తర్వాత కూతురి తల మీద చెయ్యి వేసింది. “ఈ పాప ఊర్లో ఉన్నెప్పుడు శానా మాట్లాడేది. ఈడికొచ్చినప్పట్నుంచి మూగదైపోయింది. అంత పెద్దింట్లో దానికెవురుండారు? లెక్కలు తర్వాత చెబుదువుగానీ, ముందు నలుగుర్లో కూచోబెట్టు తల్లీ.”

అమ్మ ఆ పిల్లను తెచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. పేరు సుజాత. మొదటి వారం నోరు విప్పలేదు. రెండో వారం ఎక్కాల్లో నేను తప్పు చెబితే ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ఆమె నోటికి తాళం వేయడం ఎవరి తరమూ కాలేదు. తోటలో బోరు వేస్తే నీళ్లు పడిన రోజు ఊరంతా ఎలా తడిసిందో, అరటిగెలల చాటున ఎన్ని ఆటలున్నాయో ఆమె చెబుతుంటే సందు పిల్లలంతా నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. మేమిద్దరం ఒకే పలక మీద రాసి, ఒకే కాయ చెరి సగం తిని, జ్వరం కూడా ఒకేసారి తెచ్చుకునేంతగా కలిసిపోయాం.

ఓబులమ్మ పిల్లల్ని దింపి వెళ్లేది కాదు. మాబున్నీ అత్త గడప మీద కూర్చుని, ఊరినుంచి తెచ్చిన శనక్కాయలు ఒలుస్తూ కబుర్లు చెప్పేది. ఆ ఇద్దరూ కలిశాక మా వసారాకు పిల్లల కొరత లేకుండా పోయింది. ముద్దనూరు నుంచి, పులివెందుల నుంచి వచ్చి ప్రొద్దుటూరులో కాపురం పెట్టిన వాళ్లందరికీ ఆమె మా సందు చూపించేది. ముప్పై అంటే మా తట్టు వాళ్లు నమ్మడం లేదు, పెంచు తల్లీ అని అమ్మ వెంటపడింది కూడా ఆమే. అమ్మ పెంచింది, కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రమే. మొదట్లో నమ్మి వచ్చిన కంసాలి పిల్లలకు చివరిదాకా పాత లెక్కే. పిండిమిల్లు పిల్లలు కూడా ఒకరోజు ఏమీ జరగనట్టు వచ్చి తమ పాత చోట్లో కూర్చున్నారు. అమ్మ వాళ్లను ఎందుకు మానారని అడగలేదు. ఆ రైతు కూడా ఒక దసరాకు కొడుకును తీసుకుపోవడానికి వచ్చి, పాఠం అయ్యేదాకా వసారా మెట్టు మీద కూర్చుని, వెళ్లేటప్పుడు అమ్మకు దండం పెట్టి వెళ్లాడు.

ఆ లోకం ఒక మంచి వార్తతో ముగిసిపోయింది. అమ్మకు సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, జమ్మలమడుగు దాటాక ఒక పల్లెలో. నాయన ఆ కాగితం పట్టుకుని సందంతా తిరిగి చూపించాడు. అందరూ సంతోషించారు, నేను తప్ప. చివరి సాయంత్రం అమ్మ పాఠం చెప్పలేదు. ఓబులమ్మ ఓళిగలు తెచ్చింది, మాబున్నీ అత్త మిషను మీద గుడ్డ కప్పి వచ్చింది. పిల్లలు ఎక్కాలన్నీ మొదటినుంచీ ఒకసారి గట్టిగా చెప్పారు, ఎవరూ చెప్పమనకుండానే. సుజాతా నేనూ చేతులు వదలకుండా కూర్చున్నాం. మరునాడు సామాన్ల లారీలో పెన్న మీది వంతెన దాటుతుంటే, కింద ఎండిన ఇసుక తెల్లగా మెరుస్తోంది. అమ్మ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. సందు సగం పైగా ఒక నగల దుకాణం గోడల్లో కలిసిపోయింది. మాబున్నీ అత్త పోయి చాలా ఏళ్లయింది. సుజాత తిరిగి తోటల దగ్గరికే కాపురానికి పోయిందని విన్నాను గానీ మళ్లీ చూడలేదు. నాయన కూడా లేడు. రిటైరయిన అమ్మ నా దగ్గరే, ప్రొద్దుటూరులోనే, కొత్తగా కట్టిన ఒక అపార్టుమెంటులో ఉంటోంది.

మొన్న బడులు తెరిచిన కొత్తల్లో పై అంతస్తు ఇల్లాలు తన కూతురికి లెక్కలు చెబుతారా అని అమ్మను అడిగింది. అమ్మ ముఖంలో ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వెలుగు చూశాను. కానీ రెండు రోజుల తర్వాత లిఫ్టులో కనబడి, ఫోనులోనే వచ్చే క్లాసు ఒకటి ఏడాదికి కట్టేశామనీ, రాయితీ బాగా ఇచ్చారనీ ఆమె మొహమాటంగా చెప్పింది. మంచిదేలేమ్మా అంది అమ్మ.

ఆ సాయంత్రం ఇద్దరం బాల్కనీలో కూర్చున్నాం. మా చుట్టూ, పైనా కిందా, ప్రతి ఇంట్లోనూ చదువుకునే పిల్లలున్నారని అమ్మతో అన్నాను. బడి వ్యాన్లు దింపి పోయాక తలుపులు మూసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఎవరి గదిలో వాళ్లు ఎవరి పాఠం వాళ్లు వింటారు. దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అమ్మ చాలాసేపు చెవి ఒగ్గి కూర్చుంది.

“ఇంతమంది పిల్లోల్లు ఉండారంటావే, ఒక్క సద్దు గూడా లేదే,” అంది.