అమావాస్య నాటి టేక్

నా జాజ్ ఆల్బమ్‌లో చివరి పాట ధర్మవరంలో, మా ఇంట్లో పట్టు దారాలు దాచే గదిలో రికార్డయింది. అది గొప్ప కళాత్మక నిర్ణయమని అందరికీ చెబుతుంటాను. నిజానికి బెంగుళూరు స్టూడియో ఏసీకి గొంతు పట్టేసింది. మిరియాల కషాయం కోసం ఇంటికొచ్చి పడితే, సౌండ్ ఇంజినీరు మైకులు మోసుకుంటూ వెనకే వచ్చాడు. అమావాస్య మర్నాడు పొద్దున్నే అతను వేరే పనికి వెళ్ళిపోవాలి. ఆలోపు పాట రాకపోతే ఆల్బమ్ ఆగిపోయినట్టే.

మామూలు రోజుల్లో మా వీధిలో మగ్గాల చప్పుడుకు దేవుడు పిలిచినా వినపడదు. అమావాస్య నాడు మాత్రం ఎవరూ మగ్గం ముట్టరు. అందుకే ఆ రోజును ఎంచుకున్నాం. గోడలకు దుప్పట్లు కట్టాం. వీధి వీధంతా నిశ్శబ్దం. నేను నోరు తెరిచాను. పాట రాలేదు.

వచ్చిందిలే, కానీ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు వచ్చింది. అది సోల్ సంగీతం ఛాయలున్న నెమ్మది పాట, కడుపులోంచి రావాలి. నాకేమో పళ్ళ దాకా వచ్చి ఆగిపోతోంది. మళ్ళీ మళ్ళీ పాడుతుంటే పక్కింటి పిన్నమ్మ కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏం పాపా, ఎవురన్నా పోయినారా?"

అప్పుడర్థమైంది. చిన్నప్పటి నుంచీ మగ్గం చప్పుడు మీదనే పాడిన గొంతు ఇది. నిశ్శబ్దం దానికి పడలేదు. వెళ్ళి, కాసేపు మగ్గం ఆడించమని నాయనను అడిగాను.

"అమావాస్య నాడా? నీకేమన్నా తిక్కనా?"

నా పాట గురించి ఈ మనిషి ఏనాడూ ఒక్క మాట అనలేదు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ కోపమంతా నా మొహంలో కనపడిందేమో, కాసేపటికి లేచాడు.

"నాడె ఇసరను, పోగు నెయ్యను. ఊరికే తొక్కుతా. దేవుడు అడిగితే కాళ్ళు తిమ్మిరెక్కినాయని చెప్తాలే."

పక్క గదిలో మగ్గం గుంతలోకి కాళ్ళు దించి తొక్కడం మొదలుపెట్టాడు. పాత చెక్క చప్పుడు గోడ దాటి వచ్చింది. నా గొంతు వదులైంది, పాట దానంతటదే నడిచింది. సగంలో చప్పుడు ఆగిపోయింది. ఆపితే మళ్ళీ రాదన్న భయంతో నేను చివరిదాకా పాడేశాను. ఆ తర్వాత మండిపడుతూ పోయాను.

"ఏం నాయనా, బాగా వస్తాంటే నిలిపేస్తివి?"

ఆయన గుంతలోనే కూర్చుని ఉన్నాడు.

"మగ్గం ఆడతాంటే నీ పాట యాడ ఇనపడతాది పాపా? ఇన్నేండ్లూ నీ నోరు ఆడేదే చూసినా. ఇంగొకసారి తొక్కమంటే తొక్కుతా. ఈతూరి నిలపను."

తొక్కమనలేదు. ఆల్బమ్‌లో పాట అలాగే ఉంది. ఆ చోట చప్పుడు ఎందుకు ఆగిపోతుందని వినేవాళ్ళు అడుగుతుంటారు. భలే ఆలోచనని కొందరు మెచ్చుకుంటే, అవునని తలూపుతాను. ఉన్నది చెప్పబోతే ఏడుపొస్తుంది. అక్కడి నుంచి మా నాయన వింటున్నాడు.