ఒకే నంబరు, ఇద్దరు మనుషులు

ఆ ఆసుపత్రి ల్యాబులో అందరూ ఆమెని మిషనక్క అనేవారు. రక్తం తీసేది ఆమె కాదు, పరీక్షలు చేసేదీ కాదు. మొరాయించిన కంప్యూటర్లని దారికి తేవడం ఆమె పని. "లే నాన్నా, ఇవాళొక్కరోజు పనిచెయ్యి" అని ప్రింటర్‌ని బతిమాలుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుకునేవారు.

ల్యాబు సాఫ్ట్‌వేర్ బాగా పాతది. అది వర్చువల్ మెషీన్‌లో, అంటే అసలు కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో ఉండేది. బయటి కంప్యూటర్ విండోస్‌ది, ముసలిదైపోయింది. ఆదివారం మిషనక్క ఒక్కతే కూర్చుని, లోపలి మెషీన్‌ని మొత్తంగా కాపీ తీసి, కొత్తదానికి నప్పేలా డిస్కు ఫైలు రకం మార్చి, లైనక్స్ నడిచే కొత్త సర్వర్‌లోకి దింపింది. మొదట నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. తంటాలు పడితే చివరికి లేచింది. పాతదాన్ని ఆపేసి, హమ్మయ్య అనుకుంటూ ఇంటికెళ్ళింది.

సోమవారం ల్యాబు ఇన్‌ఛార్జి రెండు రక్తం గొట్టాలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఏంటమ్మా ఇది? రెండింటి మీదా ఒకే నంబరు!"

"అలా ఎలా అవుతుందండీ?"

"నన్నడుగుతావేంటి?"

ఒక గొట్టం మీది నంబరు చీటీ కింది కౌంటర్‌లో అచ్చయింది, ఇంకోదానిది పై గదిలో. ఆమెకి విషయం తట్టింది. పొద్దున కరెంటు పోయి వచ్చినప్పుడు పాత కంప్యూటర్ తనంతట తానే లేచి, లోపలి మెషీన్‌నీ లేపింది. అలా లేవకుండా చెయ్యడం ఆమె మర్చిపోయింది. ఆదివారం తాళం వేసున్న పై గదిలోని కంప్యూటర్‌ని కొత్తదానికి కలపనూ లేదు; అది పాతదానితోనే పనిచేస్తోంది. ఒకే మెషీన్ రెండుచోట్లా నడుస్తూ, అవే నంబర్లు రెండుసార్లు పంచుతోంది.

"రిపోర్టు ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఒక ముసలి దర్జీకి. అంతా బాగుందని పంపించేశారు. కానీ అది ఈ మొదటి గొట్టం ఫలితం, ఎవరో అమ్మాయిది. అతని గొట్టం ఇప్పుడే చూశాం. పొటాషియం గుండె ఆగిపోయేంత ఉంది."

ఇన్‌ఛార్జి డాక్టర్‌కి ఫోన్ చేస్తుంటే మిషనక్క మెట్లు దిగి పరిగెత్తింది. గేటు బయట బస్టాపులో, మెడలో కొలతల టేపుతో ఒక పెద్దాయన, పక్కన కూతురు.

"దర్జీగారూ! ఆ రిపోర్టు మీది కాదండీ. లోపలికి రండి, ఇప్పుడే!"

"ఇందాకేగా బాగుందన్నారు?" కూతురు లేచి నిలబడింది. "మనుషులంటే ఆటగా ఉందా మీకు?"

మిషనక్క ఆయన్ని చెయ్యి పట్టుకుని లేపబోయింది.

"కాళ్ళు లాగేస్తుంటే కూర్చుండిపోయానమ్మా," అన్నాడాయన. "మా బస్సు ఇందాకే వెళ్ళిపోయింది."

చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. డాక్టర్ ఈసీజీలో గుండె గీతలు చూసి, వెంటనే ఇంజెక్షన్ అందుకున్నాడు. మిషనక్క పాత కంప్యూటర్ తీగలన్నీ పీకేసింది. పొద్దుట్నించీ వచ్చినవాళ్ళందరినీ వెనక్కి పిలిపించి మళ్ళీ రక్తం తీయించారు. "తప్పు నాదేనండీ" అని ఆమె చెబితే ఆసుపత్రి సూపరింటెండెంట్, "నువ్వా?" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం మిషనక్క వార్డుకి వెళ్ళింది. దర్జీ తేరుకున్నాడు. ఆమె చెప్పిందంతా విని, సూది గుచ్చిన చెయ్యి తడుముకున్నాడు.

"అయితే ఆ బస్సెక్కి ఉంటే..."

కూతురు మొహం తిప్పేసుకుంది. మిషనక్క మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.